డబ్బు కడుతున్న యాప్ కొత్త స్టిక్‌లో లేదు: పరికరం కంపెనీకీ యాప్ కంపెనీకీ గొడవైతే మన సంగతేంటి?

#1 ప్లానో_శ్రీధర్

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు వచ్చారు. వాళ్ల గదిలో చిన్న టీవీకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ కొని పెట్టాను. హాల్లో ఉన్నదీ అదే కంపెనీ స్టిక్కే, కాకపోతే పాతది. నెలనెలా డబ్బు కడుతున్న ఒక యాప్ హాల్లో శుభ్రంగా వస్తోంది. కొత్త స్టిక్ స్టోర్‌లో వెతికితే ఆ పేరుతో ఏదీ లేదంటోంది. స్పెల్లింగ్ మార్చి చూశాను, మైకులో అడిగి చూశాను, లాభం లేదు.

యాప్ వాళ్ల కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మా వైపు అంతా బాగానే ఉంది, స్టిక్ కంపెనీని అడగండి అన్నారు. స్టిక్ వాళ్లేమో ఆ సంస్థతో చర్చలు జరుగుతున్నాయి అని ఒకే ముక్క అప్పజెప్పారు. పేర్లు రాయడం లేదు, ఇక్కడి రూల్ తెలుసు.

ఒక యాప్‌ని ఇలా ఉన్నట్టుండి ఎలా తీసేస్తారు? మళ్లీ వస్తుందా, వేరే స్టిక్ కొనుక్కోవాలా? ఇంతకుముందు ఇలాంటివి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

#2 బఫరింగ్_బాబు

నాన్నగారిని హాల్లోకి రమ్మనండి. అమ్మగారి సీరియల్ టైముకి ఇంకో గొడవ మొదలవుతుంది కాబట్టి ఈ గొడవ మర్చిపోతారు.

#3 హిమజ_న్యూజెర్సీ

శ్రీధర్ గారూ, అన్నిటికంటే ముందు హాల్లో స్టిక్ మీద చెయ్యి వేయకండి. యాప్ తీసేసి మళ్లీ పెట్టుకోవడం, ఫ్యాక్టరీ రీసెట్ చేయడం అస్సలు వద్దు. కస్టమర్ కేర్ వాళ్లు చెప్పినా వద్దు. స్టోర్‌లోంచి తీసేయడం అంటే కొత్తగా దింపుకోకుండా ఆపడం మాత్రమే. అప్పటికే దిగిన యాప్ ఆ పరికరంలోనే ఉంటుంది. వీడియో పంపే సర్వర్లు యాప్ కంపెనీవి కాబట్టి బొమ్మ వస్తూనే ఉంటుంది. తీసేశారంటే మాత్రం అది కూడా కొత్త స్టిక్‌తో సమానం.

2021లో అచ్చం ఇదే జరిగింది. ఇలాంటి స్టిక్‌లు అమ్మే రోకు కంపెనీకీ గూగుల్‌కీ మధ్య యూట్యూబ్ టీవీ ఒప్పందం గడువు అయిపోయింది. ఏప్రిల్ 30న రోకు తన స్టోర్‌లోంచి ఆ యాప్‌ని తీసేసింది. ఉన్నవాళ్లు వాడుకోండి, డిలీట్ చేస్తే మళ్లీ రాదు అని రోకు వాళ్లే కస్టమర్లకి చెప్పారు. ఇక్కడ యూట్యూబ్ వేరు, యూట్యూబ్ టీవీ వేరు. రెండోది కేబుల్‌కి బదులు డబ్బు కట్టి ఛానెళ్లు చూసే సర్వీసు, అమెరికాలోనే ఉంది. ఇండియా వాళ్లకి తికమక అవుతుందని చెబుతున్నా.

వారం తిరిగేసరికి గూగుల్ ఒక చిట్కా వేసింది. మామూలు యూట్యూబ్ యాప్ ఎడమ పక్క మెనూలో యూట్యూబ్ టీవీకి వెళ్లే దారి పెట్టింది. యూట్యూబ్ యాప్ ఒప్పందం వేరే, దాని గడువు డిసెంబరు దాకా ఉంది. రోకు అది తీసేయలేదు కదా! రోకుకి ఒళ్లు మండింది. అక్టోబరులో ఇంకో బాంబు: చర్చలు తేలకపోతే డిసెంబరు 9 నుంచి కొత్త రోకు పరికరాల్లో అసలు యూట్యూబే ఉండదని గూగుల్ ప్రకటించింది. గడువుకి ఒక్క రోజు ముందు, డిసెంబరు 8న, రెండు యాప్‌లకీ కలిపి కొన్నేళ్ల ఒప్పందం కుదిరింది.

అంటే ఏడు నెలలు. ఇలాంటివాటిలో చాలావరకు ఏదో ఒక రోజుకి తేలతాయి. ఆ రోజు ఎప్పుడన్నదే మన చేతుల్లో లేదు.

#4 వరంగల్_వేణు

ఆ ఏడు నెలలు మా చెల్లె వాళ్లింట్ల ఒకటే టెన్షన్. అత్తగారు పొద్దున లేస్తే యూట్యూబ్‌ల సుప్రభాతం, సాయంత్రం ప్రవచనం. డిసెంబరు నుంచి యూట్యూబ్ రాదంట అని ఎవరో వాట్సాప్‌ల పెట్టిన్రు. ఉన్నోళ్లకి పోదని నేను ఎంత చెప్పినా వినకుండా ఇంకో కంపెనీ బాక్స్ కొని అల్మారాలో దాచుకున్నరు. ఇంకా డబ్బా కూడా విప్పలేదు.

ఇంతకీ గూగుల్ ఏం ఎక్కువ డబ్బులు అడిగింది?

#5 హిమజ_న్యూజెర్సీ

డబ్బు కాదండీ, అసలు సంగతి అక్కడే ఉంది. గూగుల్‌ని మేం ఒక్క డాలరు కూడా ఎక్కువ అడగడం లేదని రోకు బహిరంగంగానే చెప్పింది. గొడవ అంతా హోమ్ స్క్రీన్ మీద, సెర్చ్ మీద.

రిమోట్ మీద మైకు నొక్కి ఒక సినిమా పేరు చెప్పండి. ముందు పోస్టరు వస్తుంది. దాని కింద అది ఎక్కడెక్కడ దొరుకుతుందో ఒక వరస. ఒకచోట యాడ్స్‌తో ఉచితం, ఒకచోట చందా ఉంటే చూడొచ్చు, ఒకచోట 3.99 డాలర్లకి అద్దె. ఆ వరసలో మొదటి గడి ఎవరిదైతే వాళ్లకే జనం పోతారు. రెండో గడి దాకా బాణం బటన్ నొక్కే ఓపిక ఎవరికీ ఉండదు, పెద్దవాళ్లకైతే అసలు ఉండదు. గూగుల్ అడుగుతోందని రోకు చెప్పినవి ఇవి: సెర్చ్‌లో యూట్యూబ్‌కి ప్రత్యేకంగా ఒక వరస ఉండాలి. యూట్యూబ్ యాప్ తెరిచి ఉన్నప్పుడు మైకులో ఏం అడిగినా యూట్యూబ్ ఫలితాలే రావాలి. పాట అడిగితే, మీరు వేరే మ్యూజిక్ యాప్‌ని ఎంచుకుని ఉన్నా సరే, యూట్యూబ్ మ్యూజిక్ నుంచే రావాలి.

ఇవన్నీ అబద్ధాలని గూగుల్ ఖండించింది. అయితే ఆ అక్టోబరులో 2019 నాటి ఒక ఈమెయిల్ అమెరికా మీడియాలో బయటపడింది. యూట్యూబ్ ఫలితాలకి ప్రత్యేక వరస ఉండి తీరాలని గూగుల్ వైపు నుంచి రోకుకి రాసిన మాట అందులో ఉంది.

ఇంకోటి చిప్ గొడవ. కొత్త పరికరాలన్నీ ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌ని చదవగలగాలని గూగుల్ పట్టు. ఏవీ1లో అదే నాణ్యత బొమ్మ తక్కువ డేటాతో వస్తుంది, గూగుల్‌కి బ్యాండ్‌విడ్త్ ఖర్చు తగ్గుతుంది. కానీ దాన్ని చదివే చిప్ ఖరీదు. 30 డాలర్లకి స్టిక్ అమ్మేవాడికి చిప్ మీద ఒకటి రెండు డాలర్లు పెరిగినా లెక్కే. ఖర్చు తగ్గేది ఒకరికి, పెరిగేది ఇంకొకరికి. నేను టీవీ యాప్‌లు తయారుచేసే చోట పనిచేశాను. ఇలాంటి స్పెక్ మీటింగుల్లో ర్యామ్ ఎంత ఉండాలన్నదాని మీద గంటలు గంటలు కొట్టుకుంటారు. బయట ప్రకటనలో మాత్రం "మా కస్టమర్ల ప్రయోజనం" అని ఉంటుంది.

#6 పాతటీవీ

హిమజ గారు బాగా రాశారు, కానీ కథలో రోకుని మరీ పాపం చేసేశారు. ఏప్రిల్‌లో గడువు తీరింది యూట్యూబ్ టీవీ ఒప్పందం ఒక్కటే. దాన్ని ఉన్నది ఉన్నట్టు పొడిగిద్దామని గూగుల్ అంటే, రోకు ఆ సందు చూసుకుని డిసెంబరు దాకా గడువున్న యూట్యూబ్ ఒప్పందాన్ని కూడా లాగిందని గూగుల్ వాదన. ఆ వాదనలో పస లేదనలేం.

అయినా రోకు సంపాదన ఎక్కడిది? డబ్బాలు అమ్మి కాదు. పరికరాల మీద వాళ్లకి మిగిలేది ఏమీ లేదు, కొన్ని త్రైమాసికాల్లో నష్టమే. అసలు డబ్బు ప్లాట్‌ఫామ్‌లో ఉంది. రోకు ద్వారా చందా కడితే అందులో 20 శాతం, ఉచిత యాప్‌ల యాడ్ జాగాలో 30 శాతం వాళ్లదని వార్తల్లో ఎప్పుడూ వచ్చే లెక్క. రిమోట్ మీద యాప్ పేర్లతో బటన్లుంటాయి చూడండి, అవి కూడా అద్దెకిచ్చినవే. ఆ ప్లాట్‌ఫామ్ తొమ్మిది కోట్ల ఇళ్లు దాటిందని 2025 మొదట్లో ప్రకటించారు. అన్ని ఇళ్ల తాళంచెవి చేతిలో పెట్టుకున్నవాడు అమాయకుడెలా అవుతాడండీ?

అన్నట్టు, రోకు మొదటి బాక్స్ పుట్టింది నెట్‌ఫ్లిక్స్ ఆఫీసులోనే. సొంత బాక్స్ అమ్మితే మిగతా పరికరాల కంపెనీలు తమ యాప్‌ని దగ్గరికి రానివ్వవని నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ దాన్ని వదిలించుకున్నాడు. అది 2008లో రోకు పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఆ భయం ఎంత నిజమో ఆ తర్వాత పదేళ్లలో అమెజాన్, గూగుల్ చూపించాయి.

#7 బఫరింగ్_బాబు

> 2008లో రోకు పేరుతో మార్కెట్లోకి వచ్చింది

2008లో మా ఇంట్లో డీవీడీ ప్లేయర్‌కి కూడా రిమోట్ పనిచేసేది కాదు సార్. అమెజాన్, గూగుల్ సంగతి చెప్పండి, దాంట్లో మసాలా ఎక్కువ.

#8 పాతటీవీ

మసాలా ఎక్కువే. అది 2015 అక్టోబరులో మొదలు. టీవీకి తగిలించే గూగుల్ క్రోమ్‌కాస్ట్, యాపిల్ టీవీ బాక్స్ ఇక మా సైట్‌లో అమ్మబోమని అమెజాన్ చెప్పేసింది. ప్రైమ్ వీడియో ఆ పరికరాల్లో రాదు కాబట్టి కస్టమర్లు కన్ఫ్యూజ్ అవుతారట. ప్రైమ్ వీడియోని అక్కడికి తీసుకెళ్లాల్సింది ఎవరు? అమెజానే! ఇంత చక్కటి కారణం నేను మళ్లీ వినలేదు.

2017లో అమెజాన్ ఎకో షో అని తెర ఉన్న స్పీకర్ తెచ్చింది. సెప్టెంబరులో గూగుల్ దాంట్లోంచి యూట్యూబ్ పీకేసింది. అమెజాన్ వేరే దారిలో తెస్తే డిసెంబరు 5న దాన్నీ మూసేసి, జనవరి 1 నుంచి అమెజాన్ ఫైర్ టీవీలో కూడా యూట్యూబ్ ఉండదని గంట కొట్టింది. మీరు మా క్రోమ్‌కాస్ట్ అమ్మరు, గూగుల్ హోమ్ అమ్మరు, ప్రైమ్ వీడియోని క్రోమ్‌కాస్ట్‌కి ఇవ్వరు, కాబట్టి మేమూ ఇవ్వం. మొహమాటం లేకుండా కారణం కూడా చెప్పింది.

మనవాళ్లకి ఇది బాగా తగిలింది. ఫైర్ టీవీ స్టిక్ ఇండియాలో దిగింది 2017 ఏప్రిల్‌లో, 3,999 రూపాయలకి. ఏడాది తిరగకముందే ఇదీ పరిస్థితి. తెలుగు ఇళ్లలో స్టిక్ కొనేదే సగం యూట్యూబ్ కోసం. బ్రౌజర్‌లో చూసుకోండి అని అమెజాన్ సిల్క్, ఫైర్‌ఫాక్స్ చూపించింది. టీవీలో బ్రౌజర్ అంటే రిమోట్ బాణాలతో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ పోవడమే.

రాజీ ప్రకటన 2019 ఏప్రిల్‌లో. ఆ జులై 9న ఫైర్ టీవీకి యూట్యూబ్, క్రోమ్‌కాస్ట్‌కి ప్రైమ్ వీడియో ఒకే రోజు వచ్చాయి. ఒకరు ముందిస్తే రెండోవారు ఎగ్గొడతారేమోనని కాబోలు.

#9 వరంగల్_వేణు

ఆంబోతులు కొట్లాడుకుంటే మధ్యల లేగదూడలు నలిగినట్టున్నది మన పని. స్టిక్‌కి పైసలు మనమే ఇచ్చినం, చందా మనమే కట్టినం. పంచాయితీల మన మాట ఎవరు అడగరు.

#10 ప్లానో_శ్రీధర్

చాలా థాంక్స్ అందరికీ. హిమజ గారూ, ఒక అనుమానం. పాత స్టిక్‌ని ఊడదీసి అమ్మానాన్నల గదిలో పెట్టి, కొత్తది హాల్లో పెడితే యాప్ ఉంటుందా? హాల్లో మేం ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ వైరుతో తగిలించుకోగలం. వాళ్లకి రిమోట్ తప్ప ఇంకోటి రాదు.

#11 హిమజ_న్యూజెర్సీ

భేషుగ్గా ఉంటుంది. ప్లగ్ తీసి వేరే టీవీకి పెట్టడం రీసెట్ కాదు. అదే వైఫై, అదే అకౌంటు కాబట్టి మళ్లీ లాగిన్ కూడా అడగదు. రిమోట్‌తో టీవీ వాల్యూమ్ పని చేయాలంటే సెట్టింగ్స్‌లో ఆ టీవీ బ్రాండ్ ఒకసారి మార్చండి, అంతే. ఇంకోటి, కొత్త స్టిక్ వాపసు ఇచ్చే గడువు ఉంటే బిల్లు పారేయకండి.

మీ యాప్‌కి వేరే దారి ఉందేమో కూడా చూడండి. కొన్ని యాప్‌లు ఫోన్ నుంచి కాస్ట్ చేయనిస్తాయి, కొన్ని కావాలనే మూసేస్తాయి. 2019లో నెట్‌ఫ్లిక్స్ ఎయిర్‌ప్లే (ఐఫోన్ నుంచి టీవీకి పంపే పద్ధతి) తీసేసింది గుర్తుందా? టీవీ కంపెనీలు కూడా ఎయిర్‌ప్లే పెడుతున్నాయి, ఏ పరికరంలో ఆడుతోందో మాకు తెలియడం లేదు అన్నది వాళ్ల కారణం.

#12 కొత్తగా_చేరా

మా 2011 మోడల్ టీవీలో కూడా ఒక యాప్ ఆగిపోయింది. ఇది కూడా గొడవేనా?

#13 హిమజ_న్యూజెర్సీ

అది గొడవ కాదు, వయసు. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కూడా పాత శాంసంగ్ టీవీలకీ పాత రోకు బాక్సులకీ సెలవు చెప్పింది. వాటిలో కాపీరైట్ రక్షణ పద్ధతి పాతబడిపోయింది. గొడవైతే కొత్త మోడల్లో ఉండదు, పాత దాంట్లో ఉంటుంది. వయసైతే తిరగబడి ఉంటుంది. గుర్తుపట్టడం తేలికే. ఆ టీవీకి ఒక స్టిక్ తగిలించుకోండి, పనైపోతుంది.

#14 కేబుల్_రాంబాబు

భీమవరం దగ్గర ముప్పై ఏళ్లుగా కేబుల్ నడుపుతున్నాను. మీరు చెప్పేదంతా వింటే నాకు నవ్వొస్తోందండీ, ఎందుకంటే మాకిది కొత్త కాదు. పేర్లు మారాయి, అంతే.

2023 ఫిబ్రవరి 18. పెద్ద బ్రాడ్‌కాస్టర్లు కొత్త రేట్లకి సంతకం పెట్టని కేబుల్ కంపెనీలకి సిగ్నల్ ఆపేశారు. బొకేలో, అంటే ఛానెళ్ల ప్యాకేజీలో, కలిపే ఛానెల్ ధర మీద పరిమితి 12 రూపాయలు ఉండాలా 19 ఉండాలా అన్న దగ్గర ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి, చివరికి టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 19 చేసింది. బ్రాడ్‌కాస్టర్లు రేట్లు పెంచారు, కేబుల్ వాళ్లం మోయలేమన్నాం. దేశం మొత్తం మీద 4.5 కోట్ల ఇళ్లలో ఛానెళ్లు ఆగాయని మా ఫెడరేషన్ లెక్క. ఆ నాలుగైదు రోజులు నా ఫోను ఆగలేదు. పేట చివర ఒక మామ్మగారు నెట్‌వర్క్ పేరు అడగలేదు, ట్రాయ్ ఊసెత్తలేదు. "నీకు 300 ఇస్తున్నా, నా సీరియల్ నువ్వే తీసేశావు" అంది. ఆవిడ దృష్టిలో తీగ నాది, తప్పు నాదే. శ్రీధర్ గారి స్టిక్ కంపెనీకీ అదే జరుగుతుంది. తెర మీద ఏది కనబడకపోయినా తిట్లు తెర పెట్టినవాడికే.

కానీ ఒక తేడా ఉంది. మా గొడవకి ఒక చట్టం ఉంది. బ్రాడ్‌కాస్టర్ అడిగినవాడికల్లా వివక్ష లేకుండా ఛానెల్ ఇవ్వాలి, ఆపే ముందు మూడు వారాల నోటీసు ఇవ్వాలి, జనానికి తెర మీద స్క్రోలింగ్ వేయాలి. నచ్చకపోతే ఈ గొడవలు తీర్చే ట్రిబ్యునల్ టీడీశాట్‌కి పోవచ్చు. మీ ఓటీటీ యాప్‌లకి అవేవీ లేవు. వాళ్లిద్దరూ రాసుకున్న కాగితమే చట్టం. అది మనకి చూపించరు.

#15 వరంగల్_వేణు

రాంబాబు అన్నా, మీ ఎమ్మెస్వోలు (పెద్ద కేబుల్ కంపెనీలు) కూడా తక్కువోళ్లు కారు. 2014ల తెలంగాణల రెండు న్యూస్ ఛానెళ్లు నెలల తరబడి ఆపిన్రు కదా, అప్పుడు ఈ చట్టం యాడ వోయింది?

#16 మోడరేటర్

న్యూస్ ఛానెళ్లు, పార్టీలు, ఎవరు ఎందుకు ఆపారు అన్న చర్చకి వేరే విభాగం ఉంది. ఈ దారం టీవీ పరికరాలూ యాప్‌ల వరకే. దీనికి జవాబులు ఇక్కడ వద్దు.

#17 కేబుల్_రాంబాబు

సరేనండి. జవాబు ఉంది కానీ మింగేశాను.

#18 పాతటీవీ

రాంబాబు గారి పోస్టు ఈ దారంలో అన్నిటికంటే విలువైనది. అమెరికాలో కూడా కేబుల్‌కి ఎంతో కొంత నియమాలున్నాయి, టీవీ యాప్‌లకి ఏమీ లేవు. అందుకే ఇవి ఎప్పుడు పేలతాయో చూడండి. మధ్యవర్తి ఎవరూ లేరు కాబట్టి అవతలివాడికి నొప్పి ఎక్కువగా ఉండే తేదీ చూసుకుని దిగుతారు. 2020 ఫిబ్రవరి 2న ఫాక్స్ ఛానెల్‌లో సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, ఉంది. రోకుతో ఫాక్స్ ఒప్పందం ముగిసేది జనవరి 31న. అంతకు ముందు రోజు రోకు నుంచి అందరికీ ఈమెయిల్, ఫాక్స్ యాప్‌లు పోతున్నాయని. దేశమంతా గగ్గోలు. 31 రాత్రికి రాజీ. అది యాదృచ్ఛికమని నేను అనుకోను. ఎవరైనా అనుకుంటే వాళ్లకో దండం.

హెచ్‌బీఓ మ్యాక్స్ కథ ఇంకా బాగుంటుంది. 2020 మే 27న మొదలైంది, రోకు లేదు, ఫైర్ టీవీ లేదు. అమెరికాలో టీవీకి తగిలించే పరికరాల్లో పెద్దవి రెండూ అవే! అమెజాన్‌తో గొడవ డబ్బు గురించి కాదు. అప్పటికి లక్షల మంది హెచ్‌బీఓ చందాని అమెజాన్ ఛానెల్స్ అనే దుకాణం ద్వారా కట్టేవారు. అక్కడ కడితే చూసేది అమెజాన్ యాప్‌లోనే, చూసినవాడి పేరూ ఈమెయిలూ ఏం చూశాడన్న లెక్కా అమెజాన్ దగ్గరే. మా కస్టమర్ మాకే కావాలి, మా సొంత యాప్‌లోనే చూడాలి అని హెచ్‌బీఓ యజమాని వార్నర్‌మీడియా పట్టు. ఫైర్ టీవీతో నవంబరులో తేలింది. రోకుతో డిసెంబరు మధ్యలో, అది కూడా క్రిస్మస్‌కి ఒక పెద్ద సూపర్ హీరోయిన్ సినిమా నేరుగా ఆ యాప్‌లో పెడుతున్నామని ప్రకటించాక.

2021 సెప్టెంబరులో హెచ్‌బీఓ అమెజాన్ ఛానెల్స్ నుంచి పూర్తిగా బయటికొచ్చింది, కస్టమర్లని సొంతం చేసుకోవడానికి. 2022 డిసెంబరులో యాజమాన్యం మారాక మళ్లీ అదే దుకాణంలోకి వెళ్లి కూర్చుంది. చందాదారులు కావాలి కదా. ఇంత చేసి అక్కడికే.

#19 హిమజ_న్యూజెర్సీ

2020లోనే ఎన్‌బీసీ వాళ్ల పీకాక్ యాప్‌ది కూడా. జులై 15న దేశమంతా మొదలైంది, రోకులో లేదు. అది యాడ్‌ల పంచాయితీ. అప్పట్లో యాడ్‌లతో ఉచితంగా కూడా వచ్చేది కాబట్టి, యాడ్ జాగాలో ఎంత ఇస్తారన్నదే పెద్ద ప్రశ్న. ఎన్‌బీసీ తన మిగతా యాప్‌లన్నీ రోకు నుంచి తీసేస్తామని బెదిరించింది. సెప్టెంబరులో తేలింది. ఫైర్ టీవీకి రావడానికి మాత్రం 2021 జూన్ దాకా పట్టింది.

పాతటీవీ గారూ, నేను రోకుని పాపం చేయడం లేదు. నేననేది ఒక్కటే. యాప్ చిన్నదైతే రోకు మాటే నెగ్గుతుంది, యూట్యూబ్ లాంటిదైతే యాప్ మాటే నెగ్గుతుంది. ఒక చిన్న భాషా ఓటీటీకి టీవీ ప్లాట్‌ఫామ్ వాళ్లు పంపే ఒప్పందం పీడీఎఫ్‌లో మార్చమని అడగడానికి ఏమీ ఉండదు, సంతకం పెట్టే గీత తప్ప. మన తెలుగు యాప్‌లు స్టోర్‌లోంచి పోతే వార్త కూడా రాదు. గూగుల్ అయితే ప్రపంచమంతా వార్త. అందుకే మనకి కనబడే గొడవలన్నీ సమానుల గొడవలే.

#20 పాతటీవీ

ఆ మాట ఒప్పుకుంటాను. అయితే సమానులు కూడా కుర్చీలు మారుతుంటారు. 2021లో రోకు గుమ్మం దగ్గర నిలబడి బతిమాలిన యూట్యూబ్ టీవీ, 2025 అక్టోబరు 30న తనే గుమ్మం అయింది. ఈసారి అవతల డిస్నీ. దాని ఛానెళ్లు ఈఎస్‌పీఎన్, ఏబీసీ అన్నీ యూట్యూబ్ టీవీలోంచి పోయాయి. కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ మధ్యలో, చెప్పానుగా తేదీల సంగతి. నవంబరు 14 దాకా రాలేదు. చందాదారులకి 20 డాలర్లు తగ్గింపు ఇచ్చి ఊరుకోబెట్టారు. అప్పుడు యూట్యూబ్ టీవీ వాళ్లు చెప్పిందేమిటి? అవతలివాళ్లు రేట్లు పెంచమంటున్నారు, మేం మీ కోసం పోరాడుతున్నాం అని. ఈ మాట మా రాంబాబు గారిది కదండీ!

#21 కేబుల్_రాంబాబు

మాదే. రాయల్టీ కూడా అడగం.

#22 వరంగల్_వేణు

ఇండియాల మాత్రం ఈ మధ్య ఒక మంచి పని అయింది, ఎవరు పట్టించుకోలేదు. ఆండ్రాయిడ్ టీవీల మీద సీసీఐ (కంపెనీల మధ్య పోటీని చూసే కేంద్ర సంస్థ) కేసు. టీవీ కంపెనీకి ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌ల మూట మొత్తం ముందే ఎక్కించాలె. పైనుంచి ఆండ్రాయిడ్‌ని వేరే తీరుగా మార్చిన సిస్టమ్‌తోని ఇంకే పరికరం చేయొద్దు. అమెజాన్ ఫైర్ టీవీ సిస్టమ్ అసొంటిదే కదా. అంటే గూగుల్ టీవీ అమ్మే కంపెనీ ఫైర్ టీవీతోని ఇంకో మోడల్ తేవాలంటే భయపడాలె.

2021ల సీసీఐ దర్యాప్తుకి ఆర్డర్ ఇచ్చింది. 2025 ఏప్రిల్‌ల గూగుల్ సెటిల్‌మెంట్‌కి ఒప్పుకున్నది, 20.24 కోట్ల రూపాయలు. ఇక నుంచి ఇండియాల ప్లే స్టోర్, ప్లే సర్వీసెస్‌కి విడిగా ఫీజు కట్టి లైసెన్సు తీసుకోవచ్చు, మూట అక్కర్లేదు. గూగుల్‌కి 20 కోట్లంటే చిల్లరే, కానీ షరతు చిల్లర కాదు.

#23 పాతటీవీ

బాగుంది. కానీ ఫీజు కట్టి ప్లే స్టోర్ ఒక్కటే తీసుకునే టీవీ కంపెనీ ఎంతమందో చూడాలి. ఉచితంగా వచ్చే మూట ఉంటే డబ్బు కట్టి చిన్న సంచీ ఎవరు కొంటారు? పదివేల టీవీలో ఆ ఫీజు కూడా మన బిల్లులోనే పడుతుంది.

#24 వరంగల్_వేణు

మీకు ఏది నచ్చది సార్.

#25 కొత్తగా_చేరా

హిమజ గారూ, ఇంకో ప్రశ్న, తిట్టకండి. నేను ఒక యాప్‌కి చందా ఆ యాప్ వెబ్‌సైట్‌లో కాకుండా స్టిక్ స్టోర్ ద్వారానే కడుతున్నాను. రేపు వాళ్లిద్దరికీ చెడితే నా డబ్బు సంగతి? ఏడాది ప్లాన్ ఆఫర్ ఉంది, తీసుకోమంటారా?

#26 హిమజ_న్యూజెర్సీ

తిట్టడం ఎందుకండీ, అందరూ అడగాల్సిన ప్రశ్నే. ముందు మీ కార్డు స్టేట్‌మెంట్ చూడండి. డబ్బు ఎవరి పేరున పోతోందో అక్కడ ఉంటుంది. పరికరం కంపెనీ పేరు ఉంటే మీ చందా వాళ్ల చేతుల్లో ఉన్నట్టు. అప్పుడు రద్దు చేయాలన్నా, తిరిగి అడగాలన్నా వాళ్ల అకౌంట్ పేజీలోనే చేయాలి. యాప్ కంపెనీకి ఫోన్ చేసినా వాళ్లకి మీ బిల్లు కనబడదు. అమెజాన్ ఛానెల్స్‌లో హెచ్‌బీఓ కట్టిన జనం 2021లో ఇలాగే దిక్కులు చూశారు, మళ్లీ కొత్తగా నేరుగా చేరాల్సొచ్చింది. వాళ్లకి కొన్నాళ్లు సగం ధర ఆఫర్ ఇచ్చారనుకోండి, అది వేరే సంగతి.

కాబట్టి ఈ నెల గడువు తీరేదాకా చూసి, స్టిక్ వైపు రద్దు చేసి, ఆ తర్వాత యాప్ వెబ్‌సైట్‌లో నేరుగా చేరండి. అప్పుడు ఈ స్టిక్‌లో పోయినా అదే లాగిన్‌తో ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఇంకో బాక్స్‌లోనో చూసుకోవచ్చు. చేరే ముందు అదే ఈమెయిల్ ఇస్తే పాత వాచ్‌లిస్ట్ వస్తుందో లేదో వాళ్ల హెల్ప్ పేజీలో చూడండి, కొన్నింటిలో రాదు.

ఏడాది ప్లాన్ నేనైతే తీసుకోను. రెండు నెలల డబ్బు మిగులుతుందని పన్నెండు నెలలు కట్టేస్తాం. మూడో నెలలో యాప్ పోతే వాపసు ఇచ్చే పూచీ ఎవరిదని ఇద్దరినీ అడగాలి. శ్రీధర్ గారికి వాళ్లు చెప్పిన జవాబులే మీకూ చెబుతారు.

#27 కొత్తగా_చేరా

చూశానండీ, స్టిక్ కంపెనీ పేరే ఉంది. 19వ తారీఖున రెన్యువల్. ఇప్పుడే రద్దు చేస్తే 19 దాకా వస్తుందా, వెంటనే ఆగిపోతుందా?

#28 హిమజ_న్యూజెర్సీ

మామూలుగా కట్టిన నెల అయ్యేదాకా వస్తుంది. రద్దు నొక్కేటప్పుడు ఏ తేదీ దాకా అని తెర మీద చూపిస్తారు, ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఉచిత ట్రయల్‌లో ఉంటే మాత్రం కొన్ని నొక్కిన నిమిషానే ఆగిపోతాయి.

#29 బఫరింగ్_బాబు

వేణు అన్నా, మీ చెల్లె వాళ్ల అల్మారాలో ఉన్న బాక్స్ అమ్ముతారేమో అడగవా? డబ్బా విప్పలేదన్నావు కదా, సగం ధరకి నేను తీసుకుంటా.

#30 మోడరేటర్

కొనుగోళ్లు, అమ్మకాలు మార్కెట్ విభాగంలో.